ఒక స్టైల్‌షీటు ఆత్మకథ

నా వంశమునకు మూలపురుషుడైన హోకన్ వీయుమ్ లీ అను నార్వే దేశీయుడు, జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున పనిచేయుచు, వెబ్ పుటలోని విషయమును దాని వేషమునుండి వేఱుచేసి, వేషమునకు సంబంధించిన విధులన్నింటిని ప్రత్యేక పత్రమున లిఖింపవలెనని 1994 అక్టోబరు 10వ తేదీన ప్రతిపాదించెను. బెర్ట్ బాస్ అను డచ్చి దేశీయుడు ఆయనకు తోడుకాగా, ఆ పద్ధతి 1996 డిసెంబరు 17న సీఎస్ఎస్ అను పేర ప్రమాణముగా అంగీకరింపబడెను. నేనా వంశమున చాల కాలమునకు పుట్టినదానను. ఒక తెలుగు సాహిత్య మాసపత్రిక కార్యాలయమున, రచనలను టైపుచేసి సవరించెడి వెబ్ ఎడిటరునకు ఉపకరణముగా, ఒక యువతి చేతిమీదుగా, పట్టుమని రెండువందల పంక్తులైన లేని చిన్న ఫైలునై జన్మించితిని.

నా పుట్టుకకు కారణము ఆ పత్రిక సంపాదకులు ఒకనాడు వేసిన ప్రశ్న.

“ఏమ్మా, నేను టైపు చేసేటప్పుడు పద్యం ఒకలా ఉంది, సైట్లోకి వెళ్ళేసరికి ఇంకోలా ఉంది. ఇందులో ఏది నమ్మాలి?”

“రెండూ వేరువేరు పేజీలండి మాస్టారూ. ఈ ఎడిటర్ లోపలికి మన సైటు స్టైల్స్ రావు. దీనికి విడిగా ఒక సీఎస్ఎస్ ఇవ్వాలి.”

ఆమె పలికినది యథార్థము. ఆ కార్యాలయమున వాడుచున్న టైనీఎంసీఈ అను ఎడిటరులో, అక్షరములు పడెడి తెల్లని స్థలము పైకి ఆ పుటలో భాగమువలెనే కనబడినను, వాస్తవమునకు ఐఫ్రేమ్ అనబడు మఱియొక సంపూర్ణ పత్రము; ఇంటిలో ఇల్లు కట్టినట్లు, వెలుపలి గోడలకు వేసిన రంగు లోపలి గోడల కంటదు. అందుచే ఎడిటరును ప్రారంభించునప్పుడే, కంటెంట్ సీఎస్ఎస్ అను అమరికలో నా ఉనికిపట్టును తెలుపవలెను. ఆమె అట్లు తెలిపి, లోపలి పత్రపు బాడీకి సైటులో వ్యాసభాగమునకున్న క్లాసునే తగిలించెను. ఆ క్లాసును ఆశ్రయించి వ్రాసిన విధులు అప్పటినుండి ఉభయత్ర ఒక్కతీరున వర్తించుచున్నవి.

నా మొదటి విధి పంక్తుల నడిమి ఎడమును గూర్చినది. నాలో అత్యంత ముఖ్యమైనదియు అదియే యని నా దృఢవిశ్వాసము. రోమను లిపిని దృష్టిలో నుంచుకొని అక్షరప్రమాణమునకు ఒకటింబాతికయో ఒకటిన్నరయో చాలునని నిర్ణయించిన లైన్‌హైటు, పైన గుడిదీర్ఘమును క్రింద రెండు వొత్తులను ధరించు ‘స్త్రీ’ వంటి అక్షరమునకు ఊపిరాడనీయదు. పైపంక్తి వొత్తులు క్రిందిపంక్తి గుడులను తాకి, పాఠకుని కన్నులకు శ్రమ కలిగించును. ఆమె మండలి ఫాంటును ఎన్నుకొని, అనేక పుటలను సరిచూచి, ఆ ప్రమాణమును 1.8గా నిలిపెను. వాలుటక్షరములు మన లిపికి సంప్రదాయము కావు. అట్టి రూపము ఫాంటులో లేనప్పుడు బ్రౌజరు నిలువక్షరములనే బలవంతముగా ఒరగదీయును. కావున ఉద్ఘాటింపవలసిన పదములను వాల్చక, కొంచెము దళసరి చేయునట్లు నాలో వ్రాసెను. యూనికోడులో తెలుగునకు కేటాయించిన 128 స్థానములకు మాత్రమే మండలిని పరిమితముచేసి, అంకెలను ఆంగ్లపదములను వేఱొక ఫాంటునకు వదలెను. పద్యాంతమున వేయు దండము యూనికోడులో దేవనాగరి విభాగమున నున్నది. దానిని విస్మరించక ప్రత్యేకముగ చూచుకొనుట ఆమె శ్రద్ధకు నిదర్శనము.

తదుపరి నా మూలమున ఎడిటరు మెనూలో ‘పద్యం’, ‘తాత్పర్యం’, ‘పీఠిక’ అను క్రొత్త పేర్లు వెలసినవి. స్టైల్ ఫార్మాట్స్ అను అమరికలో ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క క్లాసును జతపఱచుటయే దానికి మార్గము. క్లాసు పేరును తెలుగు లిపిలో వ్రాయుటకు మా శాస్త్రము అనుమతించును గనుక, నాలో ఆ పేర్లు తెలుగులోనే యున్నవి. సంపాదకులు పద్యమును ఎంచి మెనూలో ఆ పేరు నొత్తినంతనే, భద్రపఱచిన పాఠములో ‘ఇది పద్యము’ అను గుర్తు మాత్రమే చేరును; దాని పరిమాణమేమి, అంచు ఎంత, రంగు ఎట్టిది అను సంగతులన్నియు నాయందే యుండును. సన్నని ఫోనుతెరపై దీర్ఘమైన పాదము విఱిగినప్పుడు, మిగిలిన తునక కొంచెము లోపలికి జరిగి, క్రొత్తపాదమను భ్రాంతి కలుగకుండ నిలువవలెను. ఇందుకై ఆమె ప్రతిపాదమును ప్రత్యేకమైన పేరాగా నుంచి, ఎడమప్రక్క ఖాళీనిచ్చి, మొదటివరుసను మాత్రము అంతమేర వెనుకకు లాగెను. సీసపద్యమునకు ఈ ఏర్పాటెంత అవసరమో ఫోనులో సీసమును చదివినవారే యెఱుగుదురు.

నాకు నిజమైన విరోధము వర్డ్ ప్రాసెసరునుండి అతికించిన పాఠముతో కలిగినది. అట్టి పాఠము తన ఫాంటును, పరిమాణమును, రంగును ప్రతి తునకకు తగిలించుకొని వచ్చును; మూలకమునకే అంటియున్న అట్టి శైలికి, మా ధర్మము ననుసరించి, నా క్లాసులకంటె అధికబలము కలదు. ‘ఇంపార్టెంట్’ అను ముద్రను నా విధులకు వేసి దానిని జయింపవచ్చునుగాని, అట్లు జయించినవారు మఱునాడు తమ విధినే తాము సవరింపలేక చిక్కుబడుదురు. ఆమె ఆ దారి త్రొక్కక, అతికించిన పాఠమునుండి ఫాంటు, పరిమాణము, రంగు అనువానిని ఎడిటరు ప్రవేశమందే తొలగించునట్లు అమర్చెను. రచయితలలో కొందఱు తమ యెఱ్ఱని శీర్షికలు పోయినవని మొఱపెట్టిరి. నేను మాత్రము ఆమె పక్షమే వహింతును. ఒక సంచికలో ఇరువదిమంది రచయితలు ఇరువది రంగులు పూసినచో పాఠకుని దృష్టి అక్షరముపై నిలువదు.

నన్ను సవరించినపుడెల్ల బ్రౌజరు పాతప్రతినే దాచుకొని చూపుట కలదు. నా చిరునామా చివర వెర్షను సంఖ్యను మార్చుటచే ఆ బాధ తొలగినది. ఇప్పుడు ఎడిటరునకును సైటునకును వేర్వేఱు ప్రతులు లేవు, రెంటికిని నేనొక్కదాననే. ఈమధ్య నాటకములను ప్రచురించుటకై ‘సంభాషణ’ అను మఱియొక శైలిని నాలో చేర్చుచున్నారు: పాత్రపేరు ఎడమవైపున దళసరిగా నుండవలెను, మాట దాని ప్రక్కనే మొదలుకావలెను, రంగసూచన చిన్న అక్షరములలో వేఱొక వరుసయందు రావలెను. పాత్రపేరు పొడవైనపుడు ఏమి చేయవలెనో సంపాదకులును ఆమెయు నింకను చర్చించుచున్నారు.