సత్తురేకు మాహాత్మ్యం

అల్యూమినియం అనే లోహానికి తెలుగువారు రసాయనశాస్త్రం అనుమతి కోసం ఎదురుచూడకుండానే రెండు పేర్లు పెట్టుకున్నారు. ఆ లోహంతో చేసిన గిన్నెను కొందరు సత్తు గిన్నె అంటారు, కొందరు సిల్వర్ గిన్నె అంటారు; మొదటిది చెల్లని రూపాయికి తగిలించే విశేషణం, రెండవది ఇంగ్లీషులో వెండికి ఉన్న పేరు కనుక, ఒకే గిన్నె ఒక ఇంట్లో నకిలీ సరుకుగానూ పక్కింట్లో వెండి సామానుగానూ చలామణి అవుతూ, రెండిళ్లలోనూ ఒకే రకం అన్నం వండిపెడుతూ వచ్చింది. ఆ లోహాన్నే మిల్లీమీటరులో సుమారు నూరో వంతు మందానికి సాగదీసి, అట్టగొట్టానికి చుట్టి, అంచున రంపపు పళ్లున్న పెట్టెలో పెట్టి అమ్మడం మొదలైనప్పుడు దానికి సిల్వర్ ఫాయిల్ అనే పేరు స్థిరపడింది. అందులో వెండి లేదన్న సంగతి అందరికీ తెలుసు. అయినా గిన్నెకు ఇచ్చిన బిరుదును రేకుకు నిరాకరించడం భావ్యం కాదని లోకం ఊరుకుంది.

ఈ బిరుదు పూర్తిగా అపాత్రదానం కాదని చరిత్ర చెబుతుంది. భూమి పైపొరలో అన్ని లోహాలకంటె ఎక్కువగా ఉన్నప్పటికీ, ఆక్సిజన్‌తో పెనవేసుకుని ఉండడం వల్ల అల్యూమినియాన్ని విడదీయడం 19వ శతాబ్దంలో చాలాకాలం ఎంత కష్టంగా ఉండేదంటే, 1855 పారిస్ ప్రదర్శనలో దాని కడ్డీలను అపురూప వస్తువులుగా చూపించారు. మూడవ నెపోలియన్ చక్రవర్తి విందుల్లో ముఖ్యులైన అతిథులకు అల్యూమినియం చెంచాలూ తక్కినవారికి బంగారపు చెంచాలూ పెట్టించేవాడన్న కథ కూడా ప్రచారంలో ఉంది. 1884లో వాషింగ్టన్ స్మారకస్తంభం కొసన కిరీటంలా అమర్చిన చిన్న పిరమిడ్ ఈ లోహానిదే. ఆ తరువాత రెండేళ్లకే, అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, విద్యుత్తుతో దాన్ని విడదీసే పద్ధతిని కనిపెట్టడంతో ధర కుప్పకూలింది. 1898లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో అల్యూమినియం పాత్రల తయారీకి శ్రీకారం చుట్టాడు. 1910లో స్విట్జర్లాండులో రేకు తయారుచేసే కర్మాగారం వెలిసింది. మరుసటి ఏడు టోబ్లెరోన్ చాక్లెట్‌కు ఆ రేకు తొడిగారు. చక్రవర్తి పంక్తి నుంచి చాక్లెట్ కాగితం స్థాయికి దిగడానికి ఈ లోహానికి షష్టిపూర్తి కూడా కాలేదు. ఓడలు బళ్లయిన ఉదాహరణల్లో ఇంతగా మెరిసే బండి మరొకటి ఉండదు.

రేకును ఇంట్లో ఎన్ని విధాలుగా వాడవచ్చునో బోధించే వాఙ్మయాన్ని చిట్కాలు అంటారు. చిట్కా అనగా, ఒక పనికోసం కొన్న వస్తువును వేరొక పనికి వాడి, ఆ రెండవ పనికి కావలసిన వస్తువును కొనకుండా తప్పించుకున్నామన్న తృప్తిని పొందే విద్య. ఈ విద్యకు మూలం దారిద్ర్యంలో కాక మిగులులో ఉంది: 9 మీటర్ల చుట్ట సరిపోయే ఇంటికి 72 మీటర్ల చుట్ట అయితే చవకగా పడుతుందని తెచ్చుకోవడం, పిల్లల చపాతీలకు అందులో కొద్దిపాటి భాగం ఖర్చయ్యేసరికి వేసవి సెలవులు రావడం, తక్కిన చుట్ట వంటింటి అరలోంచి తన ప్రయోజనమేమిటని గృహస్థును నిలదీయడం అనే మూడు దశలు దాటిన తరువాతే చిట్కా పుడుతుంది.

రేకుకు తొలి ఉపయోగం మూత. తెలుగు వంటింట్లో గిన్నెలెన్ని ఉంటాయో దాదాపు అన్ని మూతలూ ఉంటాయి గానీ, ఏ మూతా ఏ గిన్నెకూ అతకదు. ఒకప్పుడు కంచం బోర్లించి, పైన రుబ్బురాయి పొత్రం పెట్టి పరిష్కరించిన ఈ సమస్యను రేకు ఏ కొలతలూ అడగకుండా తీర్చింది. ఆవకాయ జాడీకి వాసెన కట్టే గుడ్డను, అంటే మూతికి బిగించి కట్టే పాత పంచె ముక్కను, తప్పించి ఆ స్థానంలో కూడా రేకునే కూర్చోబెట్టిన ఇళ్లున్నాయి. అయితే ఉప్పూ పులుపూ ఉన్నచోట అల్యూమినియం మర్యాదగా కూర్చోదు. స్టీలు గిన్నెలో పులిహోర కలిపి, పైన రేకు కప్పి, ఆ రేకు ఇటు గిన్నె అంచునూ అటు మెతుకులనూ తాకేటట్టు నొక్కిపెడితే, చింతపండు పులుసూ ఉప్పూ కలిసిన తడి రెండు లోహాల మధ్య విద్యుత్తుకు దారి ఇస్తుంది. రెండింటిలో తొందరగా లొంగిపోయేది అల్యూమినియం కనుక అది కరిగి చిల్లులు పడుతుంది, చిల్లు కింది మెతుకులకు బూడిదరంగు మచ్చలు అంటుతాయి. భౌతికశాస్త్రంలో దీన్ని గాల్వానిక్ ఘటం అంటారు, అనగా ఇది ఒక బ్యాటరీ. పాశ్చాత్యులు ఇదే సంగతిని లసాన్యా అనే తమ వంటకంలో గుర్తించి దానికి ఆ వంటకం పేరే పెట్టుకున్నారు. తెలుగు అత్తగారు మాత్రం చిల్లులను చూసి ఎలుకను అనుమానించింది, కోడలు బల్లిని అనుమానించింది, ఇద్దరూ కలిసి పక్కింటివారి దిష్టిని అనుమానించారు. పులిహోరకు విద్యుత్ శాఖలో పేరు నమోదయ్యే అవకాశం ఆ విధంగా చేజారింది.

ఈ చిల్లులకు భయపడి రేకును విషంగా ప్రకటించేవారు మరొక వర్గం. శరీరంలోకి వారానికి ఎంత అల్యూమినియం వెళ్లవచ్చునన్న దానికి ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2008లో ఒక హద్దు గీసింది: శరీర బరువులో కిలోకు ఒక మిల్లీగ్రాము. జర్మనీ సంస్థలు పుల్లని, ఉప్పని పదార్థాలను రేకులో ఉంచవద్దని సలహా ఇస్తాయి. పొడి చపాతీకి ఈ ఇబ్బంది లేదు, పొడి చపాతీకి ఏ ఇబ్బందీ లేదు. దాని ఇబ్బంది తినేవాడిదే.

మెరిసే ముఖం లోపలికి ఉండాలా, బయటికి ఉండాలా అన్న వివాదం కూడా ఇక్కడే తేల్చదగినది. రేకు మరీ పలచనైనప్పుడు తెగిపోకుండా ఉండేందుకు కర్మాగారంలో చివరిసారి రెండు రేకులను జంటగా రోలర్ల మధ్య నడుపుతారు. నున్నని ఉక్కును తాకిన ముఖం మెరుస్తుంది, తోటి రేకును తాకిన ముఖం మసకబారుతుంది. వంటకు రెండూ సమానమే. అయినప్పటికీ ఈ అంశం మీద అన్యోన్యంగా ఉండే దంపతులు కూడా ఒక పూట మాటలు మానుకోవడం కద్దు.

చిట్కాలన్నింటిలో శాస్త్రం ముందు తలెత్తుకు నిలబడగలిగినది వెండి తోమే చిట్కా. గాలిలో అతి స్వల్పంగా ఉండే గంధకపు వాయువులు వెండిపై కూర్చుని సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లని పొరగా మారతాయి. విభూతితోనో పళ్లపొడితోనో రుద్దినప్పుడు ఆ పొరతోపాటు వెండి కూడా కొంత అరిగి పంపునీళ్లలో కలుస్తుంది. అలా కాకుండా వెడల్పాటి గిన్నె అడుగున రేకు పరిచి, దానికి ఆనేటట్టు కుందులూ పన్నీటిబుడ్డీ అమర్చి, వంటసోడా చల్లి మరుగునీళ్లు పోస్తే, వెండిని పట్టుకున్న గంధకాన్ని అల్యూమినియం విడిపిస్తుంది, విడుదలైన వెండి తిరిగి వెండిలోనే కలుస్తుంది. పేరుకు సిల్వర్ అయిన లోహం అసలు సిల్వర్‌కు పట్టిన మసిని తన నెత్తిన వేసుకోవడం బిరుదు రుణం తీర్చుకోవడం లాంటిదే. మెరుగు పెడతామంటూ గుమ్మంలోకి వచ్చి నగల బరువు తగ్గించి పోయేవారితో పోలిస్తే రేకు నిజాయితీపరురాలు కూడా. అయితే ఈ ప్రక్రియలో విడుదలయ్యే వాయువుకు కుళ్లిన కోడిగుడ్డు వాసన ఉంటుంది. వరలక్ష్మీ వ్రతం ముందునాటి సాయంత్రం, గుడ్డు అనే మాట కూడా గడప దాటి రాని నిష్ఠాపరుల పూజగదిలో, అమ్మవారి వెండి ముఖం తళతళలాడుతుండగా కమ్ముకునే ఆ పరిమళం ఎక్కడిదో ఎవరూ ఎవరినీ అడగరు. పైగా ఈ చిట్కాకు మురికికీ అలంకారానికీ తేడా తెలియదు: విగ్రహం ప్రభావళిలోని నగిషీ తేలి కనిపించాలని కంసాలి కావాలని ఉంచిన నలుపును కూడా అది శుభ్రం చేసి, లతలనూ పూలనూ ఒకే తెల్లదనంలో ముంచేస్తుంది.

వెండి ప్రస్తావన వచ్చింది కనుక వరఖ్ గురించి ఒక మాట. మిఠాయిల మీద అంటించే పలచని వెండిరేకునే వరఖ్ అంటారు. దాని స్థానంలో అల్యూమినియం అంటించే వ్యాపారులు ఉన్నందున, వేళ్ల మధ్య నలిపి చూడమని ఆహార భద్రతాధికారులు సలహా ఇస్తారు. వెండి అయితే పొడిపొడిగా మాయమవుతుంది, అల్యూమినియం అయితే ముక్కలుగా మిగులుతుంది. మిగిలేది నకిలీ, మాయమయ్యేది అసలు అన్న ఈ పరీక్షను మిఠాయిలకే పరిమితం చేయడం ప్రభుత్వ సంయమనానికి నిదర్శనం.

కత్తెర పదును చిట్కాను త్వరగా దాటవచ్చు. రేకును అనేక మడతలు పెట్టి కత్తిరిస్తే కత్తెర అంచున లేచిన చిన్న ముళ్లు సర్దుకోవచ్చు గాని కొత్త పదును పుట్టదు, అందుకు సాన ఉండాల్సిందే. సైకిల్ చక్రానికి సానరాయి బిగించుకుని వీధుల్లో కేకవేస్తూ తిరిగినవాడి కడుపు కొట్టినందుకు ప్రతిఫలంగా ఆ ఇంటికి దక్కేది ఒక మొద్దు కత్తెర, చిత్తుగా తెగిన ఒక రేకు. టీవీ రిమోట్‌లో వదులైన బ్యాటరీకీ స్ప్రింగుకూ మధ్య రేకు ముక్క ఇరికించడం పనిచేస్తుంది, రిమోట్‌ను అరచేతికేసి కొట్టే సంప్రదాయం కంటె నిశ్శబ్దంగా. ఫ్యూజు తీగకు బదులు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం మాత్రం చిట్కా కాదు. ఎక్కువ కరెంటు వచ్చినప్పుడు తాను కరిగి ఇంటిని కాపాడడమే ఫ్యూజు తీగ ఉద్యోగం కాగా, ఎప్పుడు కరుగుతుందో లెక్కలేని కాగితాన్ని ఆ ఉద్యోగంలో పెట్టడం కావలివాడి స్థానంలో చుట్టాన్ని నియమించడం వంటిది.

రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో పడమటి కిటికీ అద్దానికి రేకు అంటించడం చిట్కా స్థాయిని దాటి ఆచారమైంది. అల్యూమినియం తన మీద పడిన ఎండలో అత్యధిక భాగాన్ని వెనక్కి పంపుతుంది కనుక గదికి కొంత ఊరట కలుగుతుంది. గది చీకటవుతుంది కనుక మిట్టమధ్యాహ్నం ట్యూబులైటు వెలుగుతుంది. వెనక్కి వెళ్లిన వెలుగు ఎదురు ఫ్లాటువారి కళ్లలో పడడంతో వారూ రేకు తెచ్చి అంటిస్తారు. ఆ తరువాత సూర్యుడు రెండు అపార్టుమెంట్ల మధ్య షటిల్ కాక్ వలె అటూ ఇటూ తిరిగి, చివరకు కింద కొబ్బరిబోండాల బండివాడి నెత్తిమీద విశ్రమిస్తాడు.

ఇంత సేవ చేసిన రేకుకు పదవీ విరమణ తరువాత పింఛను లేదు. పాత సత్తు గిన్నెను పాతసామాన్లవాడు తూకం వేసి డబ్బు ఇస్తాడు గాని, కూర అంటిన రేకు ఉండను చేత్తో ముట్టుకోడు. అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడుకోవడానికి కొత్తగా తీసేందుకయ్యే విద్యుత్తులో సుమారు 5 శాతం చాలు. కొత్తగా తీయాలంటే, నాలుగైదు టన్నుల బాక్సైటు తవ్వితే గాని ఒక టన్ను లోహం రాదు, ఆ లోహంలో ప్రతి కిలోకూ సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. మూర కంటె పొట్టిగా చింపిన చదరపు రేకు ముక్క రెండున్నర గ్రాములు తూగితే, దాని వెనుక 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు దాదాపు నాలుగు గంటలు వెలిగేంత కరెంటు దాగి ఉంటుంది. మనిషి లేని గదిలో బల్బు వెలుగుతుంటే ఇంటిల్లిపాదినీ నిలబెట్టి తిట్టే గృహస్థు, అదే నాలుగు గంటల వెలుగును రెండు చపాతీల చుట్టూ చుట్టి, మధ్యాహ్నానికి చెత్తబుట్టలో వేసి, కరెంటు బిల్లు తగ్గినందుకు సంతోషిస్తాడు.

ఆ బాక్సైటు విశాఖ మన్యంలో అరకు, చింతపల్లి కొండల నెత్తిన ఉంది. బొర్రా ప్రాంతపు గనుల లీజులపై వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1997లో సమత తీర్పు ఇచ్చి, షెడ్యూల్డు ప్రాంతపు భూములను ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. కొండ నెత్తి తవ్వితే ఊటలు ఎండిపోతాయని అక్కడి గిరిజనులు బాక్సైటు తవ్వకాన్ని ఎదిరిస్తూనే ఉన్నారు. ఆ కొండలు చూడడానికి వెళ్లిన పట్నవాసులు, ఆకులతో మూతి బిగించి కాల్చిన బొంగులో చికెన్‌ను తిని, ప్రకృతితో మమేకమైన వంట అంటే ఇదేనని ఫొటోలు తీసుకుని, మిగిలిన ముక్కలను రేకులో పొట్లం కట్టుకుని దిగివస్తారు.

చివరి ఉపయోగం డాబా మీద ఉంది. ఎండలో పెట్టిన వడియాలను కాకులు ఎత్తుకుపోకుండా దారానికి రేకు ముక్కలు గుచ్చి కట్టడం, జొన్నచేలలో వడిసెల పట్టుకుని మంచె మీద కూర్చున్న మనిషికి బదులు మెరుపు రిబ్బన్లు కట్టే పద్ధతికి పట్నపు రూపం. గాలికి రేకు కదులుతుంది, మెరుస్తుంది, గలగలమంటుంది, కాకి బెదురుతుంది. వడియాలు డబ్బాలోకి చేరిన తరువాత కూడా దారం విప్పాలని ఎవరికీ తోచదు కనుక, ఆ ఇంటి పెద్దాయన తద్దినం నాటికి రేకులు అక్కడే వేలాడుతూ ఉంటాయి. పిండం పిట్టగోడ మీద పెట్టి గంటయినా కాకి ముట్టదు. పెద్దాయనకు తీరని కోరిక ఏదో మిగిలిపోయిందని నిర్ధారించి, పెద్దకొడుకు పొలం తగాదా రాజీ చేసుకుంటానని మాట ఇస్తాడు, చిన్నకొడుకు చెల్లెలికి రావలసిన గాజులు ఇచ్చేస్తానని మాట ఇస్తాడు, పురోహితుడు గడియారం చూసుకుంటాడు. వారి తలల మీదుగా రేకులు మిలమిలలాడుతుండగా, కాకి ఎదురింటి డాబా మీద, ఏ రేకూ కట్టని గుమ్మడి వడియాల పక్కన తీరికగా కూర్చుని ఉంటుంది.