వానొచ్చినాంక చూద్దాంలేమే (సావకాశినీ వ్యాఖ్యా సహితం)

మూలం: "వానొచ్చినాంక చూద్దాంలేమే."

అవతారిక: రోహిణి కార్తె. కళ్యాణదుర్గం దాపున ఒక పల్లె. మధ్యాహ్నం సంగటి తిని, వేపచెట్టు కింద నులకమంచం మీద ఒక గృహస్థు వాలి ఉన్నాడు. ఇల్లాలు వచ్చి, "మిద్దె మీద చౌడు పోయించల్లయ్యా, పోయినేడు పొయ్యి మూల ఎట్ల ఉరిసిందో మర్సిపోతివా?" అన్నది. దానికి జవాబుగా పుట్టింది ఈ వాక్యం. కర్తృత్వం వివాదాస్పదం అని రాసేయవచ్చు గాని, ఊళ్లో అందరికీ తెలిసిందే కాబట్టి దాచి లాభం లేదు. ఆ గృహస్థు నేనే. మూలకర్తే టీకాకర్త అయితే ఒక సౌకర్యం ఉంది. కవిహృదయం ఏమై ఉంటుందా అని తడుముకోనక్కరలేదు.

మన మెదకు సీమ కొల్చారం వాడైన కోలాచల మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ పూనుకున్నాడు. ఆ వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. నాది సావకాశిని. ఆయన పూనికల్లో మొదటిది నేనూ నిలబెట్టుకుంటాను. రెండోది నా వల్ల కాదు.

వాన: వర్షము. ఏ వాన అన్నది మూలంలో లేదు, అందులోనే ఉంది చమత్కారమంతా. మాకు వానలు కార్తెల లెక్కన వస్తాయి, అంటే రావలసి ఉంటాయి. మృగశిర తప్పితే ఆరుద్ర, అది తప్పితే పునర్వసు, పుష్యమి, ఆశ్లేష. నైరుతి మబ్బులు పడమటి కనుమల మీదే బరువు దించుకొని మా దాకా వట్టి గాలై వస్తాయి. ఈశాన్యం వాన కోస్తాను తడిపి, ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాది మొత్తం సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. అందులోనూ పెద్ద వాటా సెప్టెంబరుది. దేశంలో వాన తక్కువలో జైసల్మేరు తర్వాత మనదే అని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు, నిజమో కాదో చూడకుండానే, అదేదో పతకం వచ్చినట్టు చెబుతారు. ఇట్లాంటి సీమలో ఒక పనిని "వాన"కు ముడివేసి మాట ఇచ్చినవాడు అబద్ధమాడినట్టు కాదు, ఆడనట్టూ కాదు.

వచ్చిన: 'వచ్చు' ధాతువు భూతకాలంలో. రాని వానకు భూతకాలం వాడి, అది అప్పుడే వచ్చి గడప దగ్గర కాళ్లు కడుక్కుంటున్నట్టు వినేవారిని నమ్మించడం వక్త నేర్పు. "వస్తే" అని ఉంటే అనుమానం కనబడేది. ఇల్లాలు అక్కడే పట్టుకునేది.

అంక: తరువాత. ఎంత తరువాతో చెప్పదు. మరునాడూ తరువాతే, మరు సంవత్సరమూ తరువాతే.

చూద్దాం: ఈ పదం దగ్గర కాసేపు కూర్చోవాలి. అడిగింది చౌడు పోయించమని. చేసేది, పోసేది, తోలించేది అయిన క్రియకు బదులుగా 'చూచు' వచ్చింది. చూడడానికి కళ్లు చాలు, మంచం దిగనక్కరలేదు. పైగా ఇందులో దాగి ఉన్న కర్త 'నేను' కాదు, 'మేము' కాదు, 'మనం'. ఎదుటివారిని కలుపుకునే మనం వేరుగానూ, కలుపుకోని మేము వేరుగానూ ఉన్న భాష మనది. ఆ భాషలో పుట్టిన భాగ్యం వల్ల, ఒక్క 'దాం'తో సగం బాధ్యతను ఇల్లాలి నెత్తిన పెట్టగలిగాను. రేపు మిద్దె ఉరిస్తే తప్పు మనది.

ఈ క్రియను గృహస్థులు మాత్రమే వాడలేదు. తుంగభద్ర మీద ఆనకట్ట కట్టాలని ఆర్థర్ కాటన్ 1860లో ప్రతిపాదించాడు. దొరలు చూద్దామన్నారు. చూస్తుండగానే 1876లో ధాత కరువు వచ్చింది, బళ్లారి సీమలో మనుషులు పిట్టల్లా రాలిపోయారు. అప్పటికి మేమూ బళ్లారిలోనే ఉన్నాం. 1882లో గాని అనంతపురం వేరు జిల్లా కాలేదు. 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇల్లు శ్రీబాగ్‌లో మన పెద్దలే కూర్చొని, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో రాయలసీమకూ నెల్లూరుకూ ముందు చోటివ్వాలని ఒడంబడిక రాసుకున్నారు. ఆనకట్టకు 1945లో రాయి పడింది, నీళ్లు నిలిచింది 1953లో. రాయి పడేదాకా లెక్కగట్టినా 85 ఏళ్ల 'చూద్దాం'. దీని ముందు నా చౌడు ఏపాటిది? (అని వక్త తనకు తాను చెప్పుకున్నాడు. ఇల్లాలికి చెప్పే ధైర్యం చాల్లేదు.)

లే: మూడర్థాల శ్లేష. ఓదార్పుగా, పోనీలే అన్నట్టు. లేమిగా, ఆ పని లేదన్నట్టు. లేచు ధాతువుకు విధిగా, పైకి లే అన్నట్టు. పడుకున్నవాడు నిలబడి ఉన్న మనిషితో 'లే' అనడం ఎట్లా పొసగుతుందని అడగవచ్చు. మూలకర్త ఉద్దేశం మొదటి అర్థమే. మూడోది తర్వాత పనికొచ్చింది.

మే: ఇల్లాలికి సంబోధన. మా వైపు చనువుకు గుర్తు. ఆ మాట పుట్టింది మే నెలాఖరున కాబట్టి, ఇది నెల పేరేననీ, పై ఏడు మే దాకా అని గడువు ఇందులోనే ఉందనీ మా బావమరిది అంటాడు. బావమరుదుల వ్యాఖ్యలు ప్రమాణం కావు.

ఇక పూర్వపక్షం: వానకోసం ఆగడం తప్పెట్లా అవుతుంది? శనక్కాయ రైతు ఆగడా? ఆగుతాడు, ఆగి తీరాలి. రోహిణిలో నాలుగు చినుకులు పడగానే మురిసిపోయి విత్తినవాడి గింజలు చీమలపాలు. దుక్కికి ఒక పదును, విత్తనానికి ఇంకో పదును ఉంటాయి. కత్తికి ఉండేదీ పదునే, వానకు తడిసిన నేలకు ఉండేదీ పదునే. ఆ రెంటినీ ఒకే మాటతో పిలిచినవాడు సేద్యం తెలిసినవాడు. కాబట్టి "వానొచ్చినాంక" అనేది శాస్త్రమే కదా?

సమాధానం: శాస్త్రమే, అన్నవాడి వాకిలిని బట్టి. మా పెదనాయనా ఇదే మాట అనేవాడు. కానీ ఆయన అనేటప్పటికి ఎండల్లోనే విత్తనంకాయ వొలిచి గింజ మూటకట్టి ఉండేది. వొలిచేవాళ్ల బొటనవేలి గోరు నెత్తురు చిమ్మేది. గొర్రుకు కొత్త కర్రు పడి ఉండేది. ఎందుకంటే మా ఎర్రనేలలో పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. వాన పడిన పొద్దున ఊరంతా వడ్రంగి ఇంటికాడే నిలబడేది. ఇప్పుడైతే ట్రాక్టరాయన ఫోను ఎత్తడు. పెదనాయన వానకోసం ఆగాడు. నేను వానను చూపించి ఆగాను. అక్షరం తేడా లేదు. అందువల్లనే మా కరువుసీమలో వాయిదాను పట్టుకోవడం కష్టం. అది ఓర్పు వేసుకునే బట్టలే వేసుకొని తిరుగుతుంది. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువుకట్ట బుక్కరాయల నాటిది. ఆ మట్టి మోసినవాళ్లు వానొచ్చినాంక చూద్దామనుకుని ఉంటే చూడడానికి చెరువుండేది కాదు.

మట్టిమిద్దె సంగతి తెలియని పట్నం చదువరులకు ఒక మాట. రాతిగోడల మీద దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన మట్టి. అన్నిటికీ మీద చౌడు. చౌడు పరిస్తే చినుకు లోపలికి దిగదు, దొనె వెంబడి జారిపోతుంది. ఏడాదికొకసారి పోయాల్సిందే. చీమలు తోడిన బొక్క ఒక్కటి చాలు, నడిరేయి సరిగ్గా ముఖం మీద పడుతుంది బొట్టు. అప్పుడు చెంబు పెడతాం. చెంబులో బొట్టు పడే చప్పుడుకు నిద్రరాక, తెల్లారి చౌడు తోలించాలని ఒట్టు పెట్టుకుంటాం. తెల్లారితే ఎండ.

పాఠాంతరం: మూడు రోజుల తర్వాత మా ఇల్లాలు ఈ వాక్యాన్ని పరిష్కరించింది. మీసాలు మెలేసే పండితులు కూడా ఇంత తక్కువ గీతలతో ఇంత మార్పు తేలేరు. 'వచ్చినాంక' తీసి 'రాకముందే' పెట్టింది. 'దాం' తీసి 'డు' చేసింది. 'మే'ను పూర్తిగా కొట్టేసింది, అది తననుద్దేశించినది గనుక. 'లే'ను మాత్రం తాకలేదు, అర్థం మార్చింది. అంతటితో పాఠం ఇట్లా స్థిరపడింది:

"వాన రాకముందే చూడు. లే!"

మా ఇంట్లో ఇప్పుడు ఇదే ప్రమాణ పాఠం. ట్రాక్టరాయనకు ఫోను చేసింది కూడా ఆమే. చౌడు ఒక ట్రాక్టరు పట్టింది, పరచడానికి ఒకటిన్నర పూట. ఇన్నాళ్లూ వాయిదా వేసిన పని ఒకటిన్నర పూటదని లెక్క తేలాక, ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఆరుద్ర మూడోనాటి రాత్రి వాన కురిసింది. పొయ్యి మూల ఉరవలేదు. దేవుడి గూటి పక్కన కొత్తగా ఒక బొట్టు పడుతోంది, చెంబు పెట్టినాం.