నాన్నే సెన్సారు!

2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ‘యూఏ’ ధ్రువపత్రాన్ని, అనగా పెద్దల పర్యవేక్షణలో పిల్లలు చూడదగిన చిత్రమన్న ముద్రను, 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడగొట్టి, ఆ వయసు నిబంధనను అమలుచేసే అధికారాన్ని తల్లిదండ్రులకు, సంరక్షకులకు తప్ప మరెవరికీ ఇవ్వలేదు. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యంత్రం ముందు తెల్లని దుమ్ములో నిలబడిన తండ్రికి మాత్రం, తాను సెన్సారు అధికారినైన సంగతి ఇంకా చేరినట్లు లేదు. ఎంసెట్ గట్టెక్కలేక లాంగ్‌టర్మ్ కోచింగుకు వెళ్లి ప్రేమలో పడే కుర్రవాడి కథతో 2025లో వచ్చిన చిన్న బడ్జెట్ హాస్యచిత్రం ‘లిటిల్ హార్ట్స్’ పిల్లలను చెడగొడుతుందేమోనని వికారాబాద్‌లో ఆరా తీసే పెద్దలే, అగ్రహీరో వరసగా తలలు నరికే చిత్రానికి ఏడేళ్లవాడిని భుజాన ఎక్కించుకొని తొలి ఆటకే హాజరవుతారు. నెత్తురు కుటుంబ వినోదమట, వెకిలి జోకు సంస్కృతికి ముప్పట!