కంప్యూటర్‌కి కుళాయి కనెక్షన్

కరెంటు ఉన్నచోట నీళ్లు పెట్టకూడదని ఊహ తెలిసిన నాటి నుంచీ మనకి చెబుతూనే ఉన్నారు. తడిచేత్తో స్విచ్చు ముట్టుకుంటే అమ్మ వీపు మీద ఒకటి చరిచేది. ఆ పెంపకమంతా పక్కన పెట్టి, లక్షన్నర పోసి కొన్న కంప్యూటర్ కడుపులోకి లీటరు నీళ్లు పంపాలని మీరు తీర్మానించుకున్నారు. శుభం. ధైర్యే సాహసే లక్ష్మీ అన్నారు కదా. ఆ లక్ష్మి మీ ఇంట్లోంచి ఏ దారిన బయల్దేరుతుందో చెప్పడానికే ఈ మార్గదర్శి.

మీకంటే ముందు పెద్దవాళ్లూ ఈ పని చేశారు. 1980లో ఐబీఎం ప్రకటించిన 3081 అనే పెద్ద కంప్యూటర్‌ని నీళ్లే చల్లబరిచేవి. 1985 నాటి క్రే-2 సూపర్ కంప్యూటర్‌లోనైతే సర్క్యూట్ బోర్డులన్నిటినీ ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో ముంచేశారు, జాడీలో ఆవకాయ ముక్కలు నూనెలో మునిగినట్టు. 2000 ప్రాంతంలో ఇళ్లలో కూర్చుని ఇదే పని చేసిన పిచ్చివాళ్లు చేపల తొట్టి మోటారుతోనూ, పాత కారులోంచి ఊడదీసిన హీటర్ రేడియేటర్‌తోనూ సరిపెట్టుకున్నారు. పాపం వాళ్లకి దుకాణాలు లేవు. మనకి ఉన్నాయి. అందుకే మనకి ఖర్చు ఎక్కువ.

కింది సూత్రాలన్నీ నేను స్వార్జితంతో ఆచరించి చూసినవే.

మొదటి సూత్రం: కేసు ముందు, టేపు తర్వాత

అన్నిటికంటే ముందు కేసు కొనెయ్యండి. రేడియేటర్ ఏది, ఎంత మందం, ఎన్ని ఫ్యాన్లు, పంపు ఎక్కడ అనే సంగతులు తేలకముందే కొనాలి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, ఆ సోమలింగమే ఈ కేసు.

పెట్టె మీద ‘360 రేడియేటర్ పడుతుంది’ అని రాసి ఉంటుంది. అబద్ధం కాదు, పడుతుంది. 360 అనేది పొడవు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు మూడు వరసగా పడతాయని అర్థం. మందం సంగతి ఆ పెట్టె ఎత్తదు, మీరూ ఎత్తకండి. మామూలు రేడియేటర్ 30 మి.మీ., దానికి బిగించే ఫ్యాను 25 మి.మీ., వెరసి 55. నేను ముచ్చటపడి కొన్న కేసులో పైకప్పుకీ మదర్‌బోర్డు మీది హీట్‌సింక్‌కీ మధ్య ఖాళీ 52. లోటు 3 మి.మీ., అంటే దాదాపు రెండు రూపాయి బిళ్లల మందం. ఆ రెండు రూపాయల కోసం నేను పెట్టిన ఖర్చు చెప్పను.

చివరికి ఆ కేసుని మా వీధి చివర కిటికీ గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపుకి మోసుకెళ్లాను. షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, మూడు వైపులా అద్దాలు చూసి, “చేపల తొట్టా సార్? మూత బిగిస్తే గాలెలా ఆడుతుంది?” అన్నాడు. ఈ రంగంలో నాకు అందిన మొట్టమొదటి సరైన సలహా అది. నేను పట్టించుకోలేదు. మీరూ పట్టించుకోకండి. రేడియేటర్ పని నీళ్లలోని వేడిని గాలికి అప్పగించడం. ఆ గాలి లోపలికి రాకుండా ముందువైపు నిలువెత్తు అద్దం ఉన్న కేసునే ఎంచుకోండి. జాలీ ఉన్న కేసులు చూడ్డానికి కోళ్ల గంపల్లా ఉంటాయి. వాటిలో కంప్యూటర్ చల్లగా ఉంటుందనే తప్ప ఇంకే ఆకర్షణా లేదు.

100 వాట్ల వేడికి ఒక 120 మి.మీ. రేడియేటర్ వాటా కావాలని ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పుకునే మోటు లెక్క ఒకటుంది. గ్రాఫిక్స్ కార్డు 300, ప్రాసెసర్ 100 అనుకుంటే నాలుగు వాటాలు చాలు, ఒక 360, ఒక 240 కలిపి ఐదు పెట్టుకుంటే హాయి. ఈ లెక్క వేసుకుని కేసు వెతికితే పది నిమిషాల్లో పని అయిపోతుంది. 2018లో వచ్చిన లియాన్ లీ ఓ11 డైనమిక్ లాంటిదాంట్లో పైన, కింద, పక్కన కలిపి మూడు 360లు పడతాయి. అంత సుఖం వద్దనుకునే వాళ్లకి అదే ఏడాది వచ్చిన కోర్సెయిర్ 1000డీ ఉంది. ఖాళీగానే 30 కిలోలకి కాస్త తక్కువ. 25 కిలోల బియ్యం బస్తాని మేడమీదికి ఎత్తగలిగిన వాళ్లు దీనికి అర్హులు.

ఒక్క ముఖ్య విషయం: నీళ్లు దించడానికి అడుగున కుళాయి లాంటిది ఒకటి పెట్టుకోమంటారు. అక్కర్లేదు. ఏడాది తర్వాత నీళ్లు మార్చేటప్పుడు 25 కిలోల కంప్యూటర్‌ని స్నానాల గదిలో తలకిందులుగా పట్టుకుని గంజి వార్చినట్టు వార్చవచ్చు.

రెండో సూత్రం: పంపు పెద్దదై ఉండాలి

పంపుల్లో డీ5, డీడీసీ అని రెండు ఇంటిపేర్లు. ఏ కంపెనీ రంగురంగుల డబ్బాలో అమ్మినా లోపల చాలావరకు ఈ రెండిట్లో ఒకటే ఉంటుంది. డీ5 అడ్డేమీ లేకపోతే గంటకి 1500 లీటర్ల దాకా తోడుతుంది. అంటే మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకుకి 40 నిమిషాలు. నీటిని 4 మీటర్లకి కాస్త తక్కువ ఎత్తుకు నెట్టగలదు. మీ కంప్యూటర్ ఎత్తు అర మీటరు. కనుక ఇలాంటివి రెండు కొనండి.

ఆ ‘ఎత్తు’ నీళ్లని పైకెక్కించడానికి కాదని, సన్నటి దారుల్లో అడ్డుని దాటడానికని, తిరిగొచ్చే గొట్టంలో ఎక్కిన నీళ్లు ఎలాగూ దిగుతాయని ఎవరైనా చెబితే వినకండి. నిమిషానికి సుమారు 3.8 లీటర్లు ప్రవహిస్తే చాలు, అంతకు మించి ఎంత పెంచినా డిగ్రీలో వీసమెత్తు తేడా తప్ప రాదని కూడా అంటారు. లెక్క చూద్దాం. 400 వాట్ల వేడి ఆ వేగంలో పారే నీళ్లలో కలిస్తే, అన్నీ చుట్టి వచ్చిన నీళ్లు బయల్దేరిన నీళ్లకంటే ఒకటిన్నర డిగ్రీ వేడెక్కుతాయి. అంతే. అందుకే ముందు ప్రాసెసరా ముందు గ్రాఫిక్స్ కార్డా అన్న వాదనకి కూడా అర్థం లేదు. అర్థం లేదు కాబట్టే అది ఇరవై ఏళ్లుగా సాగుతోంది.

మూడో సూత్రం: ఖాళీగా కనిపించిన పిన్నుకి తగిలించండి

పంపు వేగాన్ని అదుపు చేయడానికి రెండు మార్గాలు. ఒకటి, పంపు వెనకే ఒకటి నుంచి ఐదు దాకా అంకెలున్న చిన్న తిప్పుడు మీట. మూడు మీద పెట్టి మరిచిపోవచ్చు. మరిచిపోగలిగిన వస్తువు మీద మోజు ఎవరికుంటుంది? రెండోది పీడబ్ల్యూఎం. మదర్‌బోర్డు సంకేతం పంపుతుంది, పంపు వింటుంది.

ఇక్కడ చెయ్యాల్సిన పని: మదర్‌బోర్డు మీద ఏ ఫ్యాను పిన్ను ఖాళీగా ఉంటే దాన్నుంచే పంపుకి కరెంటు కూడా లాగండి. మామూలు ఫ్యాను పిన్ను 1 ఆంపియర్, అంటే 12 వాట్లు ఇస్తుంది. డీ5 పూర్తి వేగంలో 20 వాట్లు దాటుతుంది. ఆ తేడాని మదర్‌బోర్డు తన ఆరోగ్యంలోంచి సర్దుతుంది. జాగ్రత్తపరులు కరెంటుని పవర్ సప్లై నుంచే తీసుకుని, మదర్‌బోర్డుకి రెండు సన్నటి వైర్లు మాత్రం కలుపుతారు. ఎంత వేగంతో తిరగాలో చెప్పేది ఒకటి, ఎంత వేగంతో తిరుగుతున్నానో తిరిగి చెప్పేది ఇంకొకటి.

ఆ రెండో వైరుని ‘సీపీయూ ఫ్యాన్’ అని రాసి ఉన్న పిన్నుకి ఇస్తే, పంపు ఆగిన రోజు కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే ఎర్రర్ చూపించి నిలబడిపోతుంది. ఎంత చిరాకు! బయోస్‌లోకి వెళ్లి దాన్ని ‘ఇగ్నోర్’ చెయ్యండి. పంపు ఆగినా ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గర తనంతట తానే నెమ్మదించి, కాకపోతే ఆరిపోయి, ప్రాణం కాపాడుకుంటుంది. దానికున్న ఇంగితం మనకి లేదని రుజువు కావాలి కదా.

నాలుగో సూత్రం: పంపుని ప్రాసెసర్ చెప్పుచేతల్లో పెట్టండి

ఇది అసలు సిసలు రహస్యం. ప్రాసెసర్ ఉష్ణోగ్రత పెరిగితే పంపు వేగం పెరగాలి, తగ్గితే తగ్గాలి. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! ప్రాసెసర్ చంటిపిల్లాడి లాంటిది. బ్రౌజర్‌లో ఒక కొత్త పేజీ తెరిస్తే 45 నుంచి 70కి ఎగురుతుంది, మరుక్షణం దిగుతుంది. దాంతోపాటే పంపూ, ఆరు ఫ్యాన్లూ ఊఁ అని లేచి, హమ్మయ్య అని కూర్చుని, మళ్లీ లేస్తాయి.

ఒక రాత్రి పదకొండున్నరకి, ముందు గదిలోంచి నాన్న గొంతు వినిపించింది.

“ఒరేయ్, ఆ మోటారు కట్టెయ్యరా! ట్యాంకు నిండి ఎంతసేపైందో!”

“అది మోటారు కాదు నాన్నా, కంప్యూటర్.”

కాసేపు నిశ్శబ్దం.

“కంప్యూటర్‌కి మోటారెందుకురా?”

“నీళ్లు తిప్పడానికి.”

“నీళ్లెందుకు?”

ఇక్కడ నేను కూడా నీళ్లు నమిలాను.

ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం మీద లెక్క వేశాను. ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 4,186 జౌళ్లు కావాలి. 400 వాట్ల వేడి అంతా ఆ లీటరులోకే పోసి, రేడియేటర్‌ని పూర్తిగా మూసేసినా, ఒక డిగ్రీ పెరగడానికి పది సెకన్లు పైనే పడుతుంది. ప్రాసెసర్ ఒక సెకనులో పాతిక డిగ్రీలు గంతులేస్తుంటే, నీళ్లు మాత్రం గేదెలా నింపాదిగా ఉన్నాయి. నేను ఫ్యాన్లకి గేదె సంగతి చెప్పకుండా, గేదె మీద వాలిన ఈగ సంగతి చెబుతున్నాను.

నీళ్ల ఉష్ణోగ్రత చూసే చిన్న సెన్సర్ ఒకటి దొరుకుతుంది, మరలాగా గొట్టాల దారిలో బిగించడమే. చాలా మదర్‌బోర్డుల మీద దానికి రెండు పిన్నుల చోటు కూడా ఉంటుంది. ఫ్యాన్లని దాని మాట వినమని చెప్పి, పంపుని ఒకే వేగంలో వదిలేస్తే ఇల్లు నిశ్శబ్దమైపోతుంది. కానీ అప్పుడు రోజూ రాత్రి గ్రాఫులు సవరించే కాలక్షేపం పోతుంది. ఆలోచించుకోండి.

ఐదో సూత్రం: నీళ్లంటే నీళ్లే

బోరు నీళ్లు పోసెయ్యండి. స్నానాల బకెట్ అడుగున పేరుకునే ఆ తెల్ల పొరే, ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని నీళ్లకి అందించే రాగి బ్లాకులోని వెంట్రుకంత సందుల్లో కూడా పేరుకుంటుంది. ఇంట్లో శుద్ధి చేసిన తాగే నీళ్లూ డిస్టిల్డ్ వాటర్ కావు. ఇక చవగ్గా దొరికిందని అల్యూమినియం రేడియేటర్ తెచ్చి రాగి బ్లాకుకి కలపండి. రెండు లోహాలూ ఒకే నీళ్లలో నానితే అల్యూమినియం తనని తాను తినేసుకుంటుంది. మీ దగ్గర బ్యాటరీ లాంటిది తయారవుతుంది, కాకపోతే ఇన్వర్టర్‌కి పనికిరాదు.

ఆరో సూత్రం: పరీక్షలు పిరికివాళ్లకి

నీళ్లు పొయ్యకముందే పంపు ఆన్ చేసి ‘తిరుగుతోందా’ అని చూడండి. డీ5 లోపలి పింగాణీ గుండుకి నూనె, నీరు అన్నీ ఆ ద్రవమే. పొడిగా తిరిగితే దాని శబ్దం గానుగని గుర్తుచేస్తుంది. కీళ్ల దగ్గర టిష్యూ కాగితాలు చుట్టి, మిగతా భాగాలకి కరెంటు తీసేసి, పంపొక్కదాన్నే ఒక రోజంతా తిప్పి చూడమనే చాదస్తులు ఉంటారు. వాళ్ల కంప్యూటర్లు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. వాళ్లకి చెప్పుకోవడానికి కథలేవీ లేవు.

ఫలశ్రుతి

ఇన్ని నీళ్లు పోశాక కంప్యూటర్ మంచుగడ్డలా ఉంటుందనుకుంటున్నారేమో. మాది బెజవాడ. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో, ఏసీ లేని గది 40 డిగ్రీలుంటే, ప్రపంచంలోని ఏ రేడియేటరూ నీళ్లని అంతకన్నా చల్లగా చెయ్యలేదు. గాలితో చల్లార్చినా నీళ్లతో చల్లార్చినా ఆ 400 వాట్ల వేడీ చివరికి మీ గదిలోకే వస్తుంది. నీళ్లు వేడిని తగ్గించవు. దాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చప్పుడు లేకుండా మోసుకెళతాయి, అదీ మనం వాటి జోలికి పోకుండా ఉంటే.

నా కంప్యూటర్ ఇప్పుడు జాలీ కేసులో ఉంది. పంపు పవర్ సప్లై కరెంటు మీద, ఒకే వేగంలో తిరుగుతోంది. ఫ్యాన్లు నీళ్ల మాట వింటున్నాయి. పది నెలలుగా ఏ గ్రాఫునీ ముట్టుకోలేదు. నాన్న మోటారు కట్టెయ్యమని కేక వేస్తే, ఇప్పుడు నిజంగానే ట్యాంకు నిండిందని అర్థం.

ఈ వ్రతం పట్టాలనుకునే వాళ్లకి చివరి మాట, ఇందులో వెటకారం లేదు: వంద రూపాయలకి కొలత టేపు దొరుకుతుంది. మొదట అది కొనండి.