కమిషనర్ గారికి అనిపిస్తే చాలు

ఆదాయపు పన్ను శాఖ మన లెక్కలన్నీ చూసి, ప్రశ్నలు అడిగి, జవాబులు తీసుకుని, చివరికి “మీరు చూపించిన ఆదాయాన్ని ఒప్పుకుంటున్నాం” అని ఆర్డరిచ్చిందంటే ఇక ఆ ఏడాది పీడ విరగడైనట్టేనని నమ్మే అమాయకులు ఈ దేశంలో ఇంకా ఉన్నారు. అలాంటి వాళ్ల కోసమే 1961 నాటి చట్టంలో 263వ సెక్షన్ పెట్టారు. కింది అధికారి ఇచ్చిన ఆర్డరు తప్పుగా ఉండి, దానివల్ల సర్కారు రాబడికి నష్టం వాటిల్లిందని కమిషనర్ స్థాయి అధికారికి తోస్తే ఆ ఆర్డరును తిరగదోడవచ్చు. పన్ను పెంచవచ్చు, కొట్టేసి మళ్లీ మొదటి నుంచి చెయ్యమనవచ్చు.

ఊరికే ఊహించుకుందాం. గుంటూరు మిర్చి యార్డులో ఒక వ్యాపారి. 2021-22లో సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని, చేతిలో డబ్బు ఆడక బావమరిది దగ్గర 40 లక్షలు చేబదులు తీసుకున్నాడు. బ్యాంకు ద్వారానే తీసుకున్నాడు. స్క్రూటినీ పడింది. ఈ డబ్బు ఎవరిచ్చారు, ఆయనకెక్కడిది అని అడిగారు. బావమరిది పాన్ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఐటీ రిటర్ను, “అవును, నేనే ఇచ్చాను” అన్న కన్ఫర్మేషన్ లెటరు అన్నీ స్కాన్ చేసి పోర్టల్లో ఎక్కించారు. 2024 మార్చిలో ఆర్డరొచ్చింది. పైసా కలపలేదు. వ్యాపారి కోటప్పకొండ వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చాడు.

2026 ఫిబ్రవరిలో షోకాజ్ నోటీసు.

“ఆడిటర్ గారూ, అప్పుడు అన్నీ చూసే కదండీ వదిలేశారు?”

“చూశారండీ. చూసినట్టు ఆర్డర్లో రాయలేదు.”

“రాయకపోవడం ఎవరి తప్పు?”

“ఆఫీసరు గారిది.”

“మరి నోటీసు?”

“మీకు.”

“ఆ ఆఫీసరు గారెవరో కాస్త కనుక్కుంటే...”

“ఫేస్‌లెస్ కదండీ. ఏ ఊళ్లో ఉన్నారో కూడా మనకి తెలీదు.”

తప్పు చేసినవాడికి ముఖం లేదు. అందుకని ముఖం ఉన్నవాణ్ణి పట్టుకున్నారు. పన్ను కలిపేటప్పుడు ముప్పై పేజీలు రాసే అధికారి, కలపనప్పుడు రెండు పేజీలతో సరిపెడతాడు. అది మన దేశంలో ఆనవాయితీ. బొంబాయి హైకోర్టు 1993లోనే గేబ్రియల్ ఇండియా కేసులో ఈ సంగతి తేల్చింది. అధికారి అడిగాడు, అసెసీ, అంటే పన్ను కట్టేవాడు, జవాబిచ్చాడు, అధికారి తృప్తి పడ్డాడు. ఆర్డర్లో ఆ చర్చంతా విస్తారంగా రాయనంత మాత్రాన అది తప్పుడు ఆర్డరు అయిపోదని చెప్పింది. ముప్పై ఏళ్లు దాటాయి. నోటీసుల్లో ఇప్పటికీ అదే పాట.

ఈ అధికారమే అక్కర్లేదని నేననను. కింది అధికారి ఇచ్చిన ఆర్డరు మీద శాఖ అప్పీలుకు వెళ్లే దారి లేదు. ఏ మొహమాటానికో, మరే కారణానికో కళ్లు మూసుకుని సంతకం పెట్టేవాళ్లూ లేకపోలేదు. సుప్రీంకోర్టు 2000లో మలబార్ ఇండస్ట్రియల్ కంపెనీ కేసులో చెప్పిన సూత్రం అందుకే సబబుగా ఉంటుంది. ఆర్డరు తప్పయి ఉండాలి, దానివల్ల రాబడికి నష్టమూ ఉండాలి. రెండూ ఉంటేనే కమిషనర్ చెయ్యి వెయ్యాలి. చట్టం ప్రకారం రెండు అభిప్రాయాలకు చోటున్నప్పుడు అధికారి అందులో ఒకటి ఎంచుకుంటే, రెండోది కమిషనర్‌కు నచ్చినంత మాత్రాన మొదటిది తప్పు కాదు. ఇప్పుడు 263 మీద పోరాడే ప్రతి ఆడిటరూ పేపర్ బుక్కులో మొదట పెట్టేది ఈ తీర్పే. అయితే ఆ కేసులో మలబార్ కంపెనీ ఓడిపోయింది! రబ్బరు తోట అమ్మకం సొమ్ము ఆలస్యమైనందుకు వచ్చిన పరిహారాన్ని వ్యవసాయ ఆదాయంగా చూపిస్తే, అధికారి బుర్ర పెట్టకుండా ఒప్పుకున్నాడని కోర్టు కమిషనర్ పక్షానే నిలిచింది. పాపం ఆ కంపెనీ ఓడి, పాతికేళ్లుగా ఊళ్లో వాళ్లందరినీ గెలిపిస్తోంది.

గెలిపిస్తోంది కదా అని సర్కారు ఊరుకుంటుందా? 2015లో సెక్షన్‌కు ఒక వివరణ తగిలించారు. చెయ్యవలసిన విచారణ చెయ్యకుండా ఆర్డరిచ్చినట్టు కమిషనర్ అభిప్రాయపడితే, ఆ ఆర్డరు తప్పుడుదేనని భావించాలట. మరోసారి చదవండి. తప్పు ఉందని రుజువు చెయ్యక్కర్లేదు, అభిప్రాయపడితే చాలు. ఎంత విచారణ చేస్తే సరిపోతుందో చట్టంలో ఎక్కడా రాయలేదు. బావమరిది స్టేట్‌మెంటు చూశావు సరే, బావమరిదికి డబ్బిచ్చిన వాళ్ల నాన్నగారి పొలం పాసు పుస్తకం చూశావా? చూడలేదా, అయితే విచారణ జరగలేదు. తాతగారి వీలునామా దాకా వెళ్లినా ఈ ప్రశ్నకు అంతుండదు.

2016లో ముంబైలోని ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునల్ ఈ వివరణకు కళ్లెం వేసింది. ఇంగితజ్ఞానం ఉన్న ఏ అధికారైనా తప్పక చేసే విచారణ వదిలేశాడని చూపించాలి తప్ప, ఇంకాస్త అడిగి ఉండాల్సిందనే సాకుతో తిరగదోడడం కుదరదంది. ఢిల్లీ హైకోర్టు అంతకుముందే, 2012లో, ఇంకో తమాషాను పట్టుకుంది. కమిషనర్లు ఫైలు తెప్పించి, “ఇందులో తప్పుందో లేదో చూడు” అని మళ్లీ అదే కింది అధికారికి పంపేవారు. ఇది తప్పుడు ఆర్డరు అని ముందు నువ్వు తేల్చు, ఆ తర్వాత తిప్పి పంపు అని కోర్టు చెప్పవలసి వచ్చింది. ఇంత చిన్న మాట చెప్పడానికి హైకోర్టు కావాలా అంటే, కావాలి మరి.

అసలు ఈ నోటీసులు చాలాసార్లు ఎక్కణ్ణుంచి పుడతాయో తెలుసా? ఆడిట్ అభ్యంతరం నుంచి. శాఖ ఫైళ్లను కాగ్ మనుషులు తనిఖీ చేసి ఒక కాగితం ముక్క రాస్తారు. ఆ కాగితానికి జవాబు చెప్పుకోవడం కన్నా, పార్టీకి నోటీసిచ్చేయడం తేలిక. 263కి తోడు శాఖకు రీఓపెనింగ్ అనే ఇంకో దారీ ఉంది. మూసేసిన అసెస్‌మెంటును మళ్లీ తెరవడానికి చట్టం గురించి ఆడిట్ వాళ్ల అభిప్రాయం ఆధారం కాదని సుప్రీంకోర్టు 1979లో తీర్పిచ్చింది. 2022లో సర్కారు చట్టం మార్చి, ఆడిట్ అభ్యంతరాన్నీ తెరవడానికి పనికొచ్చే సమాచారాల జాబితాలో చేర్చింది. అసెసీ కోర్టులో గెలవడం, బడ్జెట్లో ఓడిపోవడం మనకు కొత్తేమీ కాదు.

తప్పు మనకు నష్టం చేస్తే దారి లేదా అంటారా? ఉంది. 264వ సెక్షన్. అది మనం అర్జీ పెట్టుకునేది. ఆర్డరు అందిన ఏడాదిలోపు పెట్టుకోవాలి. శాఖకు మాత్రం, ఆర్డరు ఇచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక మరో రెండేళ్లు. మన మిర్చి వ్యాపారి సంగతే చూడండి. 2024 మార్చి ఆర్డరును తిరగదోడడానికి 2026 మార్చి 31 దాకా గడువు. ఆలోగా తిరగదోడితే, మళ్లీ కొత్త అసెస్‌మెంటుకు 2027 మార్చి 31 దాకా. ఆ మిరపకాయలు తిన్నవాళ్లు వాటి రుచి కూడా మరిచిపోయి ఉంటారు.

కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 వచ్చింది కదా, అందులో మారలేదా అని అడిగాడు మన వ్యాపారి. మారిందండీ, సెక్షన్ నంబరు మారింది. ఆ చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. పాత సంవత్సరాల లెక్కలకు ఎలాగూ పాత చట్టమే.

కనుక పాఠకులకు నా విన్నపం. స్క్రూటినీలో అధికారి ప్రశ్నలు తక్కువ అడిగితే సంబరపడకండి. ఇంకా అడగండి సార్ అని బతిమాలుకోండి. అడగకపోయినా జవాబులు రాసి ఎక్కించి, అక్నాలెడ్జ్‌మెంటు ప్రతిదీ దాచుకోండి. రేపు కమిషనర్ తిరగదోడితే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, అక్కడ మిమ్మల్ని కాపాడేది ఆ కాగితాలే. గడువు మాత్రం మీరే లెక్క కట్టుకోండి. 2024 ఏప్రిల్ 2న ఇచ్చిన ఆర్డరుకు భయం 2027 మార్చి 31 దాకా ఉంటుంది. ఆ రోజు గడిచిపోయినా వెంటనే ఊపిరి పీల్చుకోకండి. గడువులోపు సంతకం పడితే చాలు, ఆర్డరు మీ చేతికి ఎప్పుడందినా ఫరవాలేదని సుప్రీంకోర్టు 2021లో తేల్చేసింది.