తుపాను లెక్క క్లౌడ్‌లో తీరిగ్గా తేల్చే 6 చిట్కాలు

బంగాళాఖాతంలో వాయుగుండం లేచింది. డబ్ల్యూఆర్‌ఎఫ్ వాతావరణ మోడల్‌ను క్లౌడ్‌లో నడిపే పని మీ నెత్తిన పడింది. కంగారు పడకండి. ఇవి పాటిస్తే పని నడుస్తూనే ఉంటుంది, మీరు కదలక్కర్లేదు.

1. మెషీన్లను చెదరగొట్టండి. అమెజాన్ హైదరాబాద్ రీజియన్‌లో 3 జోన్లున్నాయి. తలా కొన్ని పడెయ్యండి. దగ్గర దగ్గరగా పేర్చే ప్లేస్‌మెంట్ గ్రూప్ జోలికి పోవద్దు. మెషీన్లు కబుర్లు ఇచ్చిపుచ్చుకునే ఎంపీఐలో, పక్క మెషీన్ నుంచి కబురొస్తేగాని లెక్క ముందుకు సాగదు. కబురు కోసం కాచుక్కూర్చున్న కోరు కూడా పనిభారం చూపే ‘టాప్’ తెరలో 100 శాతం పనిలో ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ స్క్రీన్‌షాట్ మేనేజర్‌కి పంపి, కాఫీకి వెళ్లండి.

2. నత్తనడక అంటే కోర్లు పెంచండి. 96 చాలకపోతే 960 అడగండి. వరసగా చేయాల్సిన భాగం 5 శాతం ఉన్నా వేగం 20 రెట్లు దాటదని ఆమ్దాల్ సూత్రం. అది 1967 నాటి మాట, పైవాళ్లకి గుర్తుండదు. బిల్లు పెద్దదైతే ప్రాజెక్టూ పెద్దదే.

3. స్పాట్ మెషీన్లే తీసుకోండి. 90 శాతం దాకా తగ్గింపు! వెనక్కి లాక్కునే ముందు 2 నిమిషాల గడువిస్తారు. మోడల్ సెట్టింగులుండే నేమ్‌లిస్ట్‌లో రీస్టార్ట్ ఇంటర్వల్‌కి కొండంత అంకె వేసి, మధ్యలో ఏదీ దాచకండి. ఒక్క మెషీన్ పోతే మొత్తం కూలి, మొదటి గంట నుంచి మళ్లీ మొదలు. తప్పు మీది కాదు, క్లౌడ్‌ది.

4. లస్టర్ లాంటి ఫైల్ సిస్టమ్ పెట్టే శ్రమ వద్దు. ఒకే మెషీన్ డిస్కును ఎన్‌ఎఫ్‌ఎస్‌తో అందరికీ పంచండి. వంద పంక్తులకి ఒకే గరిటె, కడగడం తేలిక.

5. శుక్రవారం మెషీన్లు ఆపకండి. ఆపితే సోమవారం మళ్లీ లేపాలి. ఆపినా డిస్కుల అద్దె పడుతూనే ఉంటుంది, మరి ఆపడమెందుకు? బడ్జెట్ హెచ్చరిక మెయిళ్లను స్పామ్‌లోకి తోసెయ్యండి.

6. ఫలితాల పటం అక్కడే గీయకండి. ఫైళ్లన్నీ ఆఫీసుకి దించండి. బయటికి తెచ్చే జీబీలకి రుసుము పడుతుంది, పడనివ్వండి. డౌన్‌లోడ్ గీత చూస్తూ కూర్చోవడమూ డ్యూటీయే.

దించేసరికి తుపాను తీరం దాటి ఉంటుంది. మరీ మంచిది. ఎక్కడ ఎన్ని సెంటీమీటర్లు కురిసిందో పేపర్లో వచ్చేసి ఉంటుంది. దాన్ని పక్కన పెట్టుకుని రిపోర్టు రాయండి, ఒక్క అంకె తప్పదు.