మూడున్నర డాలర్ల సూత్రం: ఖానాపురం టీకా తాత్పర్యం

మూలం:

"ఈ యంత్రము వాడినందులకు మీ ఖాతా నుండి 3.50 డాలర్లు తీసుకొనబడును. సమ్మతమేనా? అవును / కాదు."

అవతారిక. ఖమ్మంలోని మా ఖానాపురం హవేలి నుంచి అమెరికా వెళ్ళిన ప్రతి పిల్లవాడికీ మొదటి వారంలోనే ఈ సూత్రం ఎదురవుతుంది. పెట్రోలు బంకుల్లో, కిరాణా కొట్ల మూలల్లో ఉండే ఏటీఎంల తెర మీద ఇది వెలుస్తుంది. అంకె చోటుచోటుకీ మారుతుంది, మూడున్నర మేము స్వీకరించిన పాఠం. ఈ యంత్ర సంప్రదాయానికి ఆద్యుల్లో ఒకడు జాన్ షెపర్డ్ బారన్. 1925లో మన షిల్లాంగులోనే పుట్టాడు. 1967 జూన్ 27న లండన్ శివారు ఎన్‌ఫీల్డులో బార్‌క్లేస్ బ్యాంకు గోడకు నోట్లిచ్చే మిషను పెట్టించాడు. అది బొంబాయి చేరేసరికి 1987 అయింది.

మూలంలో లేనిది రాయకూడదని, అక్కర లేనిది చెప్పకూడదని మన మెదక్ సీమకు చెందిన కొలిచాల మల్లినాథ సూరి నియమం పెట్టుకున్నాడు. ఇక్కడ వసూళ్ళే మూలంలో లేకుండా జరుగుతాయి కనుక మొదటి నియమం మా వల్ల కాలేదు.

ప్రతిపదార్థం. ఈ యంత్రము = మీ బ్యాంకుది కాని మిషను; వాడినందులకు = నోట్లు తీసినందుకు, కొన్నిచోట్ల ఊరికే నిల్వ చూసినందుకు కూడా; మీ ఖాతా నుండి = అడిగిన నూటిలోంచి కాదు, నూటికి పైన; 3.50 డాలర్లు = మిషను యజమాని వాటా మాత్రమే; తీసుకొనబడును = తీసుకుంటారు; సమ్మతమేనా = ఇంకో మిషను దాకా నడిచే ఓపిక ఉందా; అవును = లేదు; కాదు = కార్డు బయటికి వచ్చును.

"మీ ఖాతా" దగ్గర ఒక చిక్కుంది. విదేశానికి కాపురం మార్చినవాడు ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వోగా, అంటే ప్రవాసి ఖాతాగా, మార్చుకోవాలని విదేశీ మారక చట్టం ఫెమా నిబంధన. మార్చకుండా ఆ పాత కార్డే గీకుతున్నవాళ్ళు మా వీధిలో ఉన్నారు. పేర్లు చెప్పడం టీకా ధర్మం కాదు.

టీక. "తీసుకొనబడును" అన్నది కర్మణి ప్రయోగం. కర్త దాక్కున్నాడు. వెతికితే ఒకడు కాదు, ముగ్గురు దొరికారు. మొదటివాడు మిషను యజమాని. ఇక్కడి బ్యాంకు కార్డు అక్కడ పెడితే, విదేశంలో నగదు తీసినందుకు మన బ్యాంకు ఒక రుసుము వేస్తుంది. అది రెండో చెయ్యి. మూడోది మార్కప్. డాలరును రూపాయిల్లోకి మార్చేటప్పుడు చాలా కార్డుల మీద మూడున్నర శాతం దాకా పడుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే నూరు డాలర్లకు 4.13.

ఇక "సమ్మతమేనా". ఈ ముగ్గురిలో అడిగేది మొదటివాడొక్కడే. అదీ మర్యాదకొద్దీ కాదు. రుసుము సంగతి ముందే తెర మీద చెప్పి, వద్దనుకున్నవాడికి వెనక్కి తగ్గే వీలివ్వాలని అమెరికా చట్టం. మిగిలిన ఇద్దరూ పని అయిపోయాక మెసేజీలో కనిపిస్తారు. అడిగి తీసుకున్నవాణ్ణి తిట్టుకుంటూ, అడగనివాళ్ళని మరిచిపోవడం మన పిల్లలకు అలవాటు.

ఇరవై డాలర్లు తీస్తే మూడున్నర అంటే పదిహేడున్నర శాతం. రెండు వందలు ఒకేసారి తీస్తే ఒకటీ ముప్పాతిక శాతమే. అందుకే పెద్దలు మాటిమాటికీ మిషను దగ్గరికి పోవద్దంటారు. కానీ ఈ ఉపాయం మూడో చేతి ముందు సాగదు. సొమ్ము పెరిగినకొద్దీ అదీ పెరుగుతుంది. దానికి విరుగుడు ఒక్కటే: అక్కడే ఖాతా తెరిచి, ఇక్కడి కార్డును పెట్టెలో పడెయ్యడం. ఆ తర్వాత సొంత బ్యాంకు మిషనో, దాని కూటమిలోని మిషనో వెతుక్కుంటే మొదటివాడూ పోతాడు. సరుకులు కొన్నప్పుడు డెబిట్ కార్డు మీద రుసుము లేకుండా చిల్లర నగదు ఇచ్చే దుకాణాలు కూడా ఉన్నాయి.

పాఠాంతరం. కొన్ని మిషన్లు "మీ సొమ్మును రూపాయిల్లోనే లెక్కించమందురా?" అంటాయి. పరాయి ఊళ్ళో రూపాయి గుర్తు కనిపించగానే పిల్లవాడికి ప్రాణం లేచొచ్చి "అవును" నొక్కుతాడు. అప్పుడు రేటు కట్టేది మిషను వెనకున్నవాడు, వాడి ఇష్టం వచ్చినట్టు. ఈ పాఠం పరిత్యాజ్యం. డాలర్ల దేశంలో డాలర్లే, దిర్హమ్‌ల దేశంలో దిర్హమ్‌లే నొక్కవలెను.

పూర్వపక్షం. "ఇంటికి డబ్బు పంపే యాప్‌లో కమీషన్ లేదనే రాశారు నాన్నా" అని కొడుకు.

సిద్ధాంతం. తండ్రి మిర్చి రైతు. "మన యార్డులో కూడా కమీషన్ వద్దనేవాడు ఉంటాడురా. రేటు దగ్గర క్వింటాలుకు రెండొందలు కోస్తాడు. తరుగు, హమాలీ, దడవాయి అని చీటీలో రాసినవాడే నయం. కనపడుతుంది గదా."

ఇంతకు మించిన భాష్యం మాకు చేతకాదు. బజారు రేటు ఒకచోట, వాళ్ళ రేటు ఇంకోచోట రాసుకుని తీసివేస్తే కమీషన్ తేలుతుంది. అలంకారం వ్యాజస్తుతి: పైకి పొగడ్త, లోపల కోత.

అర్వాచీన విశేషం. 2025 జూలై 4న సంతకమైన అమెరికా చట్టంతో, నగదో మనీ ఆర్డరో క్యాషియర్ చెక్కో ఇచ్చి బయటి దేశాలకు పంపే సొమ్ము మీద 2026 జనవరి 1 నుంచి 1 శాతం పన్ను. అక్కడి బ్యాంకు ఖాతా నుంచో డెబిట్ కార్డు నుంచో పోయేదానికి ఇది లేదు.

ఇతిహాస ప్రమాణం. మా జిల్లా నేలకొండపల్లివాడు కంచర్ల గోపన్న భద్రాద్రి గుడికి పెట్టిన ప్రభుత్వ సొమ్మును రామలక్ష్మణులే వచ్చి తానీషాకు చెల్లించారని కథ. ఆరు లక్షల మొహరీలు. లోకం భక్తితో చదువుతుంది, మేము పాస్‌బుక్ దృష్టితో చదివాం. మొత్తం పూర్తిగా ముట్టింది, నడుమ కోత లేదు, రసీదు అప్పటికప్పుడే చేతికొచ్చింది. ఆలస్యం మాత్రం పన్నెండేళ్ళు. ఈ ఒక్క విషయంలో నేటి బ్యాంకులు మెరుగు.

శంక. "మాస్టారూ, మావాడు పంపింది నేను తీస్తే నాకేం పట్టుకుంటారు?"

సమాధానం. నెలకు సొంత బ్యాంకు ఏటీఎంలో ఐదు, పరాయి బ్యాంకు ఏటీఎంలో ఇంకో ఐదు ఉచితం. హైదరాబాదులోనైతే పరాయివి మూడే. ఆ పైన ప్రతిసారికీ 23 రూపాయల దాకా, జీఎస్టీతో 27.14. 2025 మే 1 నుంచి ఇదే లెక్క. పరాయి కార్డు పెట్టి నగదు తీస్తే మిషను ఉన్న బ్యాంకుకు మీ బ్యాంకు 19 రూపాయలు కట్టుకోవాలి, ఆ మంట మీ దాకా వస్తుంది. "డబ్బులు పడ్డాయా" అని కార్డు పెట్టి నిల్వ చూడటం కూడా ఆ ఐదులో లెక్కే. ఆరోసారి చూడాలనిపిస్తే కొడుక్కే ఫోను చెయ్యండి. వాట్సాప్‌లో దానికి రుసుము లేదు. పగలు చేసి వాణ్ణి నిద్ర లేపకండి, అంతే.